అరువు నడకల బావగారు

బావకి సొంత నడక లేదు. అలాగని కాళ్ళలో ఏదో లోపం ఉందనుకునేరు, మనిషి దుక్కలా ఉంటాడు. పరిగెత్తితే కుర్రకారుని దాటిపోగలడు. కానీ గుమ్మం దాటి రోడ్డెక్కాడంటే మాత్రం ఎవరో ఒకరి నడక అరువు తెచ్చుకోవలసిందే. ముందు నిండు గర్భిణి ఎవరైనా వెళుతుంటే, ఆవిడ వెనకాల తనూ నడుం మీద చెయ్యేసుకుని, వెనక్కి వాలి, ఆచితూచి అడుగేస్తాడు. మోకాళ్ళ నొప్పుల పెద్దాయన కనిపిస్తే ఇక తన మోకాళ్ళు వంగనివ్వడు. పక్కన నడిచే బామ్మర్దికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

"బావా, జనం చూస్తున్నారు."

"చూడనీరా. నేనూ వాళ్ళనే కదా చూస్తున్నాను."

ఆయన ఉద్యోగం అలాంటిది మరి. ప్రభుత్వ రవాణా శాఖలో పరిశోధన విభాగం. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, ఏ రైలు దిగినవాళ్ళు ఏ బస్సు అందుకోవాలి, అది వాళ్ళ కోసం ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ లెక్కలు కట్టి, ఊరంతటినీ ముందు కంప్యూటర్లో నడిపించి చూసి చెప్పాలి. బామ్మర్దిదీ ఆ శాఖే. స్టేషన్ పక్కనున్న బస్టాండులో కంట్రోలర్. బావ లెక్క కడితే బామ్మర్ది ఈల ఊదుతాడు, బస్సు కదులుతుంది. ఫోన్ చేసినప్పుడల్లా "మా బావ ఉన్నారా" అని అడిగీ అడిగీ ఆఫీసు మొత్తానికి ఆ పిలుపు అలవాటు చేసేశాడు. ప్యూను దగ్గర్నుంచి డైరెక్టర్ మేడమ్ దాకా అందరికీ ఆయన బావగారే. ఆవిడ ఒకసారి ఫైలు మీద కూడా 'బావగారితో చర్చించండి' అని రాసేసి, నాలిక్కరుచుకుని కొట్టేసింది.

కంప్యూటర్‌తో బావకి ఒకటే పేచీ. "ఒరేయ్, ఇందులో జనమంతా ఒకే వేగంతో నడుస్తార్రా. అందరికీ పాతికేళ్ళే. ఒకరి చేతిలో సంచి ఉండదు, ఒకరి చంకలో పిల్ల ఉండదు, ఒక్కడికీ చెప్పు తెగదు. ఇంత ఆరోగ్యమైన ఊరు నువ్వెక్కడైనా చూశావా?" అని వాపోయేవాడు. అందుకని కంప్యూటర్లో లేని వాళ్ళందరి బదులు తానే నడిచేవాడు.

ఒకరోజు చంటిపిల్ల తల్లి వంతు వచ్చింది. దిండుకి దుప్పటి చుట్టి భుజానేసుకుని, చక్రం ఊడిన సూట్‌కేసు ఈడ్చుకుంటూ రైలెక్కాడు. ఒక పెద్దావిడ జాలిపడి చోటిచ్చింది. ఇచ్చి ఊరుకోక, "అదేం ఎత్తుకోవడం నాయనా, తల కింద చెయ్యి పెట్టు" అంది. "తల ఎటుందో నాకూ తెలీదండీ" అన్నాడు బావ నిజాయితీగా. పిల్లల్నెత్తుకుపోయేవాడనుకుని రైలుపెట్టె పెట్టంతా ఆయన మీద పడింది. బామ్మర్ది గుర్తింపు కార్డు పట్టుకుని స్టేషన్ పోలీసుల దగ్గరికి పరుగెత్తేసరికి, అక్కడ హెడ్ కానిస్టేబుల్ దిండుని అటూ ఇటూ తిప్పి చూస్తూ "ఆడా, మగా?" అని అడుగుతున్నాడు.

ఇంకోసారి ముందు కుంటుతూ వెళుతున్న పెద్దమనిషి గిర్రున తిరిగి బావ కాలర్ పట్టుకున్నాడు. "ఏం, వెక్కిరిస్తున్నావా?"

"లేదండి. ఆ మెట్ల దగ్గర మీరు కుడిపక్కకి కాకుండా ఎడంపక్కకి ఎందుకు జరిగారో అర్థం కాలేదు."

"కుడిపక్క కమ్మీ ఊగుతోందయ్యా" అన్నాడాయన. ఆ తర్వాత కమ్మీల గురించి, మెట్ల గురించి ఎంతసేపు మాట్లాడుకున్నారంటే, మధ్యాహ్నం భోజనానికి ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఇంటికొచ్చారు. బావ భార్య, అంటే బామ్మర్ది వాళ్ళక్క, ఇంకో కంచం పెట్టింది.

అక్క దేనికైనా ఓర్చుకునేది. ఇంట్లో గొడవంతా బావ అత్తగారి నడక అరువు తెచ్చుకోవడంతో మొదలైంది.

బామ్మర్దివాళ్ళ అమ్మకి ముక్కు మీదే కోపం. వయసు మీద పడిందని ఒప్పుకోవడం ఆవిడ వంటికి పడదు. నాలుగడుగులు వేసి ఆగుతుంది, ఆగినట్టు కనిపించకుండా దేన్నో ఒకదాన్ని తీరిగ్గా చూస్తుంది. కొట్టు కనిపిస్తే కొట్టు, గోడ మీద పోస్టరు ఉంటే పోస్టరు, ఏమీ లేకపోతే కరెంటు స్తంభం. బావ కూడా వెనకాలే నాలుగడుగులు వేసి, ఇంకో స్తంభం చూసుకుని, దాన్ని కింద నుంచి పైదాకా పరీక్షగా చూసేవాడు. వీధి వీధంతా కిటికీల్లోంచి కడుపుబ్బ నవ్వేది.

ఒకరోజు ఆవిడ వెనక్కి తిరిగింది. "అల్లుడుగారూ, నా నడక మీకంత నవ్వులాటగా ఉందా?"

"నవ్వులాటేముందండీ అత్తయ్యగారూ, చాలా కష్టంగా ఉంది."

నిజమే చెప్పాడు పాపం. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు నుంచి అల్లుడితో మాటల్లేవు. అన్నం వడ్డిస్తూ కూడా "ఆయనకి ఇంకాస్త కావాలేమో అడగవే" అని కూతురితో అనేది, ఆయన ఎదురుగా కూర్చునుండగానే. అక్క బావకి రెండో కాఫీ బంద్ చేసింది. బామ్మర్దికీ ఒళ్ళు మండింది.

"ఊళ్ళో ఇంతమంది ఉండగా మా అమ్మే దొరికిందా బావా? అసలే ఆవిడ ఈమధ్య బయటికి వెళ్ళడం తగ్గించింది. వారం వారం రైలూ బస్సూ ఎక్కి పెద్దమ్మ వాళ్ళింటికి పేకాటకెళ్ళేది, విసుగొచ్చిందని అదీ మానేసింది."

"అందుకేరా" అన్నాడు బావ.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో పిడుగు పడింది. స్టేషన్ దగ్గర బస్సులు మరీ ఎక్కువసేపు ఆగుతున్నాయని, రైలొచ్చిన కాసేపటికే కదిలిపోవచ్చని కంప్యూటర్ తేల్చింది. డైరెక్టర్ మేడమ్ సంతకానికి పెన్ను తీసింది. బావ అడ్డుపడ్డాడు.

"ఇప్పుడు ఆగేదే చాలట్లేదండి. ఇంకాస్త ఆపాలి."

"ఆపితే రూటు మొత్తం ఆలస్యమైపోదా బావగారూ?"

"అవదండి. అటు చివరి స్టాపులో బస్సు ఊరికే నిలబడుతోంది. ఆ నిమిషాలు తెచ్చి ఇక్కడ పెడదాం."

ఊరికే అని ఆయన అన్నాడు గానీ, ఆ నిమిషాల్లోనే డ్రైవర్లు టీ తాగుతారు. ఆ మాట తెలిసి వాళ్ళు భగ్గుమన్నారు. ఇకనుంచి టీ కెటిలు స్టేషన్ బస్టాండుకే వస్తుందని ఒప్పించేసరికి బామ్మర్దికి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి మేడమ్ బావనీ బామ్మర్దినీ పిలిచి ఒక మాటంది. "ఒక్కరోజు పరీక్ష పెడదాం. నెమ్మదిగా నడిచే మనిషి రైలు దిగి, మీరు చెప్పిన టైముకి బస్సెక్కితే మీ లెక్క. బాగా ముందే వచ్చేస్తే మాత్రం అంతసేపు ఆపడం దండగ, కంప్యూటర్ లెక్కే ఖాయం. నడిచేది మీరు కాదు. మీరు నటిస్తారు."

బావ బామ్మర్ది వంక చూశాడు. బామ్మర్ది ఫ్యాను వంక చూశాడు. చూసి ఏం లాభం, ఇంటికెళ్ళి అమ్మనడిగింది తనే.

"మీ బావ కోసమైతే రాను. మా అక్కని చూడ్డానికైతే వస్తాను" అంది అమ్మ. తర్వాత పళ్ళు బిగించి, "నా నడకేమిటో అందరికీ చూపిస్తాను" అని కూడా అంది.

పరీక్ష రోజు బస్టాండంతా ఒకటే హడావిడి. మేడమ్ గడియారం పట్టుకుని బస్సు పక్కన నిలబడింది. డ్రైవర్లు టీ గ్లాసులతో వరసగా చేరి ఎవరు నెగ్గుతారా అని చూస్తున్నారు. బామ్మర్ది నోట్లో ఈల, కళ్ళు స్టేషన్ వైపు. రైలొచ్చింది. జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. వాళ్ళ వెనక చేతిసంచితో అమ్మ, అమ్మ వెనక తన అలవాటు మానుకోలేక అచ్చం అమ్మలాగే బావ.

అమ్మ తల తిప్పి చూసింది. అంతే, పరుగులాంటి నడక అందుకుంది.

"అత్తయ్యగారూ, మెల్లగా అండి."

"మెల్లగా నడవడం నాకు రాదని చెప్పవే" అంది అమ్మ, పక్కన కూతురు లేకపోయినా. స్టేషన్ వంతెన మీద జనాన్ని దాటేసింది, మలుపు తిరిగేసింది. బావ చెమటలు కక్కుతూ "మెల్లగా, మెల్లగా" అని బతిమాలుతూ వెంటపడ్డాడు. మేడమ్ గడియారం చూసుకుని నవ్వింది. బావ లెక్క మునిగిందని అందరికీ అర్థమైపోయింది. బామ్మర్ది ఉండబట్టలేక వాళ్ళకి ఎదురు పరుగెత్తాడు.

వంతెన దిగే ఏటవాలు దారిలో అమ్మ ఆగిపోయింది. అక్కడ కొట్టు లేదు, పోస్టరు లేదు, స్తంభం కూడా లేదు. సున్నం కొట్టిన గోడ మాత్రం ఉంది. అమ్మ రొప్పుతూ ఆ గోడనే దీక్షగా చూస్తోంది. బావ కూడా వచ్చి పక్కన ఆగి గోడని చూడడం మొదలెట్టాడు.

"ఇప్పుడు కూడా వెక్కిరింతేనా?" అంది అమ్మ. ఆ గొడవ తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అదే.

"కాదండి. ఈ గోడలో ఏముందా అని."

"ఏమీ లేదు."

"నాకు తెలుసండి. కరెంటు స్తంభంలో కూడా ఏమీ లేదు."

అమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"మీకు పేకాట విసుగు రాలేదండి" అన్నాడు బావ నెమ్మదిగా. "మీరు ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ బస్సు వెళ్ళిపోయేది. ఇంకో బస్సు దాకా నిలబడలేక మానేశారు. మీ నడకతో నేనూ వచ్చి చూశాను. నాకూ ఒక్కసారీ దొరకలేదు."

బామ్మర్ది నోట్లోంచి ఈల తీసేశాడు. రోజూ ఆ బస్సుకి ఈల ఊదుతున్నది తనే.

"దానికి నా వెనక పడ్డం ఎందుకండీ?" అంది అమ్మ. గొంతులో కోపం కోసం వెతుక్కుంటోంది గానీ దొరకడం లేదు.

"నేనొక్కణ్ణే కాదు అత్తయ్యగారూ. ఇవాళ మీరు మీలాగే నడిస్తే, రేపట్నుంచి ఈ ఊళ్ళో బస్సులన్నీ మీ వెనకే."

అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. "అయితే తొందరేముంది" అని, సంచి అల్లుడి చేతికిచ్చి, తన నడక తాను మొదలెట్టింది. నాలుగడుగులు, ఒక ఆగడం. ఈసారి దేన్నీ చూస్తున్నట్టు నటించలేదు, హాయిగా ఊపిరి తీసుకుంది. బామ్మర్ది ఒక్క దూకులో బస్సు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. అమ్మ మెట్టెక్కింది, కమ్మీ పట్టుకుంది, కిటికీ పక్క సీట్లో కూర్చుని అల్లుడి చేతిలోంచి సంచి అందుకుంది. మొదట్లో పరుగు, మధ్యలో గోడ, రెండూ చెల్లుకు చెల్లు. బావ చెప్పిన టైముకే బామ్మర్ది ఈల ఊదాడు. డ్రైవర్లు టీ గ్లాసులు పైకెత్తి గోలగోల చేశారు.

"ఆ ఆగడాలు కూడా లెక్కలో ఉన్నాయా బావగారూ?" అంది మేడమ్, గడియారం జేబులో వేసుకుంటూ.

"అవే అసలు లెక్కండి మేడమ్."

బస్సు కదులుతుండగా అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "అల్లుడుగారూ, మా అక్క నాకంటే నెమ్మది. వీలు చూసుకుని ఆవిడ వెనక కూడా ఒకసారి నడవండి."

బావ చెయ్యి ఊపుతూ బస్సు వెంబడే గంతులేసుకుంటూ వెళ్ళాడు. మోకాళ్ళు వంగుతున్నాయి, భుజాలు ఊగుతున్నాయి, ఆ నడక బామ్మర్ది ఎన్నడూ చూసింది కాదు.

"ఇది ఎవరి నడక బావా?"

బావ ఆగి తన కాళ్ళ వంక తానే వింతగా చూసుకున్నాడు. "ఏమోరా. నాదే అయ్యుంటుంది" అన్నాడు. ఇంతలో రెండు చేతులా సంచులతో, చెప్పు తెగి ఈడ్చుకుంటూ ఒకాయన వాళ్ళని దాటి వెళ్ళాడు. బావ గబగబా ఒక చెప్పు విప్పి చేత్తో పట్టుకుని ఆయన వెనకాల బయల్దేరాడు. బామ్మర్ది అటూ ఇటూ చూసి, తనూ ఒక చెప్పు విప్పాడు.