నేను నోరు మూయించిన హెచ్చరిక

జనగామ బస్టాండు దగ్గర మా డీటీపీ షాపు. కస్టమర్ల పెన్‌డ్రైవుల వైరస్‌లతో విసిగి, కంప్యూటర్లో విండోస్ తీసేసి యునిక్స్ తరహా ఉచిత సిస్టం ఒకటి ఎక్కించాను. టైపింగ్‌కు నాకు నచ్చిన ఎడిటర్ ప్రోగ్రాం దాని మీద నడవదని తయారుచేసినవాళ్లే రాశారు. నేను వింటేనా? కోడ్‌లో అక్కడక్కడా మార్చి నడిపించి, కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను.

సేవ్ చేసినప్పుడల్లా మాత్రం కింద ఎర్రగా ఒక వాక్యం వచ్చేది: రాసింది డిస్కులోకి చేరిందో లేదో చెప్పలేనని.

తెలంగాణ కోసం రోజూ బందో, రాస్తారోకోనో జరుగుతున్న కాలం. మహబూబాబాద్ పక్క తండా నుంచి వచ్చి మా దగ్గర టైపింగ్ చేసే చెల్లె, తన నాయనమ్మ పాటలను వాళ్ల ఇంటి భాషలోనే, తెలుగు అక్షరాల్లో ఎక్కిస్తుండేది. భూపాలపల్లిలో జరగబోయే తెలంగాణ సభలో చూసి పాడడానికి. ముసలామె పాడుతుంటే ఫోన్లో రికార్డు చేసుకొచ్చేది.

"అన్నా, గీ ఎర్రగ వచ్చేదేంది? మా నాయనమ్మ లెక్కనే, ఏం చేసినా తిడ్తది."

"ఉత్త బెదిరింపు చెల్లె," అని, ఆ వాక్యం మళ్లీ కనబడకుండా చేశాను.

"ఫోన్ల జాగ లేదన్నా."

"ఎక్కించినవి చెరిపెయ్యి. కంప్యూటర్ల భద్రంగున్నయ్ గద."

ఆమె చెరిపేసింది. కొన్నాళ్లకు నాయనమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

సభకు ముందురోజు చెల్లె పాటలన్నీ ఉన్న ఫైల్లో ఒక అక్షరం దిద్ది సేవ్ చేసింది. వెంటనే కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందని అప్పుడే తెలిసింది. కరెంటొచ్చాక ఫైలు తెరిచాను. పేరుంది. లోపల ఒక్క అక్షరం లేదు. మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ తెల్లటి తెర. ఆ ఎడిటర్ పాతదాన్ని తుడిచి, దాని మీదే కొత్తది రాస్తుంది. తుడవడం జరిగింది, రాయడం జరగలేదు. ఆ ప్రమాదమే ఎర్ర వాక్యం రోజూ చెప్పింది. వేరే కాపీ తీయాలన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు.

"నువ్వే గదన్నా చెరిపెయ్యమన్నవ్," అంది చెల్లె. అరవలేదు. అరిస్తే బాగుండేది.

భూపాలపల్లికి ఒకే బస్సులో పోయాం, వేరే వేరే సీట్లలో. మైకు ముందు ఆమె గుర్తున్నంత పాడింది. మూడో పాట మధ్యలో ఆగిపోయింది. జనం చప్పట్లు కొడదామని చేతులెత్తి, కొట్టాలో వద్దో తెలియక చూస్తున్నారు.

"గీడికెంచి నాకు రాదు," అంది. ఎందుకు రాదో చెప్పలేదు. నేను ముందు వరుసలోనే కూర్చుని ఉన్నాను.