బట్టీ ముద్ర

మేస్త్రమ్మ అన్న పేరు ఆమెకు మొదట వెక్కిరింతగానే వచ్చింది. యుద్ధం ఆగాక వీధిలో మిగిలిన ఆడవాళ్లను కూడగట్టి, కూలిన బడిని మళ్లీ కడతానంటే టీకొట్టు దగ్గర మగవాళ్లు పగలబడి నవ్వారు. నవ్వడానికున్న ఓపిక వాళ్లకు రాళ్లెత్తడానికి లేదు మరి. గోడ నడుమెత్తు లేచేసరికి ఆ వెక్కిరింతే పిలుపుగా స్థిరపడింది.

మేస్త్రీ పని నేర్పింది భర్తే. ఆమె పాత ఎర్రచున్నీ ముక్క పిడికి చుట్టిన తాపీ పట్టుకుని, బాంబులు పడ్డ రోజు పై వీధికి పనికెళ్లాడు. తిరిగి రాలేదు. పోయాడని ఎవరైనా అంటే ఆమె ఊరుకోదు. "రానీ, నా గోడకు వంకలు పెట్టకపోతే అప్పుడడుగు," అనేది.

గోడ అడుగు వరసకు మంచి ఇటుకలు కావాలి. బడి వెనక మట్టిలో అలాంటివే వరసగా పరిచి కనిపిస్తే అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ: చెప్పు, తాళంచెవి, కళ్లజోడు, తాపీ. ఒక్కో బట్టీకి ఒక్కో ముద్ర ఉండేదే కదా అనుకున్నారు. గీతలు మొరటుగా ఉన్నాయి గానీ, పరికించే తీరిక ఎవరికుంది?

"ఈ బట్టీవాడెవడో సరదా మనిషే! మన తాపీ కూడా గీశాడు," అంటూ మేస్త్రమ్మ దాన్ని తన చేత్తోనే తలుపు పక్క మూలన పెట్టింది. గీతల్లో సిమెంటు పట్టుకుంటుందని ముద్ర పైకి ఉంచి, దాని మీద మరో వరస వేసింది.

బడి వెనకింటి ముసలమ్మ శరణార్థుల శిబిరం నుంచి తిరిగొచ్చింది ఆ తర్వాతే.

"అమ్మాయ్, ఇక్కడ పరిచిన ఇటుకలేవి?"

"గోడలో పెట్టేశాం పెద్దమ్మా. నీవా?"

ముసలమ్మ ఉన్నచోటే చతికిలపడింది. "ఎంత పని చేశారే! బాంబులకు పోయినవాళ్లందర్నీ ఒక్క గోతిలోనే పెట్టాం. చాలామంది పేర్లు తెలీవు. రేపెవరైనా వెతుక్కుంటూ వస్తే ఆనవాలుండాలని, ఎవరి దగ్గర ఏం దొరికితే ఆ బొమ్మ మేకుతో గీసి తల దగ్గర పెట్టాను. కళ్లజోడు మావాడిది."

మేస్త్రమ్మ తలుపు పక్క మూలకేసి చూసింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"తాపీ ఎవరిది?"

"ఎవరో మేస్త్రీదమ్మా. పిడికి ఎర్రగుడ్డ చుట్టుంది. ఎంత లాగినా వేళ్లు వదల్లేదు. దాంతోనే పడుకోబెట్టాం."

పనిలో ఉన్న ఒకామె మెల్లగా అంది, "అక్కా, ఇప్పుడీ గోడంతా..."

"కూల్చాలి," అంది మేస్త్రమ్మ. "ఎవరి ఇటుక ఎవరి తల దగ్గరుండాలో పెద్దమ్మకొక్కదానికే గుర్తు. గోడదేముంది, మళ్లీ కడదాం."

పై వరస నుంచి విప్పుకుంటూ వచ్చారు. టీకొట్టు దగ్గర ఈసారి ఎవరూ నవ్వలేదు. తలుపు పక్క మూల చివరికి మిగిలింది. మీది ఇటుక తీయగానే, సిమెంటు నిండిన గీతల్లో తాపీ బొమ్మ కొట్టొచ్చినట్టు కనబడింది. మేస్త్రమ్మ ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉండిపోయింది.

ముసలమ్మ పక్కన కూర్చుని ఆ ఇటుకను రెండు చేతులా పట్టుకుంది.

"కొట్టు తల్లీ. పడనివ్వను."