బావ కట్టిన ముడి

పడవ వేరు, గుర్రం వేరు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది గానీ, ఈ మాట మా బావ చెవికి ఎక్కదు. ఆయన మా అక్క భర్త. సముద్రం మీద పెరిగిన మనిషి, ఇప్పటికీ వేటకి వెళ్తాడు. వేట లేని రోజుల్లో సొంత వ్యాను తోలుకుంటాడు. నాకొక ఆడగుర్రం ఉంది. సాయంత్రాలు బీచ్ ఇసుకలో పిల్లల్ని తిప్పుతుంది, ముహూర్తాల్లో పెళ్ళికొడుకుల్ని మోస్తుంది. దూరం పెళ్ళి వస్తే బావ వ్యానులోనే తీసుకెళ్ళేవాణ్ణి.

గుర్రాన్ని కట్టడానికి ఒక పద్ధతుంది. తాడు దాని భుజం కంటే ఎత్తులో కట్టాలి. మూరెడు కంటే ఎక్కువ వదిలితే అందులో కాలు వేసుకుంటుంది. ముడి ఒక్క లాగుకి ఊడొచ్చే జారుముడి కావాలి. ఆ తాడునైనా ఇనప కడ్డీకి నేరుగా కట్టకూడదు. ముందు కడ్డీకి కాస్త పురికొస చుట్టి, ఆ పురికొసకి తాడు కట్టాలి. గుర్రం బెదిరిందంటే ఒళ్ళంతా వెనక్కి వేసి లాగుతుంది. పురికొస పుటుక్కున తెగిందా, నాలుగడుగులు వెనక్కి వేసి తనే ఆగుతుంది. తెగలేదా, మెడ విరిగేదాకా లాగుతుంది. ఇసుకలో ఆ పురికొసని చూసి నవ్వని వాళ్ళు లేరు. "ఏటి బాబూ, అంత గుర్రానికి ఈ దారమా?" అని ఎగతాళి. నవ్వుకోండి, నాకేం!

ఆరోజు ఉక్కునగరంలో పెళ్ళి. మధ్యాహ్నమే బయల్దేరాం. గుర్రాన్ని నా చేత్తో నేనే కట్టి, ఎప్పటిలాగే వెనక దాని పక్కనే నిలబడ్డాను. గాజువాక దాటాక వ్యాను ఆపించి, టీ కొట్టు దగ్గర నీళ్ళు పట్టడానికి దిగాను. బకెట్టుతో వస్తుంటే ఇనప చుట్టల లారీ ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టుకుంటూ పోయింది. గుర్రం అదిరిపడి వెనక్కి లాగింది. పురికొస తెగుతుందిలే అనుకున్నాను. తెగలేదు.

ఉంటే కదా తెగడానికి! నేను దిగిన ఆ కాస్సేపట్లో మా బావగారు పురికొస తీసి పారేసి, పడవ కట్టే నైలాన్ తాడుతో గుర్రాన్ని కడ్డీకే బిగించేశాడు. అల లాగే కొద్దీ బిగుసుకునే ముడి. పడవకి అది మంచిదే, కాదన్నదెవరు? పడవకి మెడ లేదు.

బకెట్టు వదిలేసి ఎక్కేసరికి గుర్రం కాళ్ళు జారి కూలబడింది. తలపట్టీ చెవుల వెనక చర్మాన్ని కోసేస్తోంది. మెడ తాడుకి వేలాడుతోంది. దాని గొంతులోంచి వచ్చిన గురక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

"ఇప్పు బావా, ఇప్పు!"

"రావట్లేదురా, బిగిసిపోనాది!"

"అయితే కత్తి తే!"

"కొత్త తాడ్రా అది!"

గుర్రం ప్రాణం పోతుంటే ఆయనకి తాడు కొత్తదనం గుర్తొచ్చింది. ఒళ్ళు మండిపోయింది నాకు. సీటు కింద చేపల కత్తి ఉంటుందని తెలుసు. ఆయన్ని తోసేసి, కత్తి లాక్కుని నేనే కోశాను. గుర్రం పక్కకి ఒరిగిపోయింది. చాలాసేపటికి లేచి నిలబడింది గానీ వణుకు తగ్గలేదు. చెవుల వెనక నుంచి మెడ మీదకి రక్తం కారింది. పెళ్ళికొడుకు కారులో ఊరేగాడు. పెళ్ళివాళ్ళు ఫోన్లో తిట్టారు. తిట్టనీ.

బావ మాత్రం ఒక్క మాట తగ్గలేదు.

"తెగిపోయేదానికి గుర్రాన్ని కడతారేటిరా ఎక్కడైనా? రోడ్డు మీద పడిపోతే ఎవుడు పట్టుకుంటాడు?"

వెనక తలుపు వేసే ఉంది. పక్కల చెక్కలున్నాయి. పురికొస తెగితే గుర్రం పోయేదెక్కడికి, ఆకాశంలోకా? అడిగాను. "నాను కట్టిన ముడి తుపానుకే ఊడ్లేదు" అన్నాడు. ఇదీ జవాబు! ఆ రోజు నుంచి నా గుర్రం ఆ వ్యాను ఎక్కలేదు, నేను ఎక్కించనూ లేదు.

ఆ ముడి ఇంకా ఆ కడ్డీకే ఉంది. తాడు తెగ్గోసినా అది ఊడలేదు. వ్యాను బాడుగకి అడగడానికి వచ్చినవాళ్ళకి బావ దాన్ని వేలు పెట్టి మరీ చూపిస్తాడు. వాళ్ళూ వంగి చూసి మెచ్చుకుంటారు. నా గుర్రానికి చెవుల వెనక ఈనాటికీ వెంట్రుక మొలవలేదు. అది చూపించమని ఒక్కడూ అడగడు.