ఇరవై ఒకటో పళ్ళెం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఉండేది కాదు. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి రాసే ఉద్దేశం లేక, రోజూ సైకిలు తొక్కుకుంటూ తోటపల్లి గూడూరు లైబ్రరీకి పోయేవాణ్ణి. అక్కడి పుస్తకాల్లో సగం చదివాను. మిగతా సగం చదివినట్టు మాట్లాడేవాణ్ణి. (ఊళ్ళో ఆ రెండో విద్యకే మర్యాద ఎక్కువ.)

అది రొయ్యల గుంటలు బాగా కలిసొచ్చిన ఏడు. నిన్నటిదాకా రేకుల ఇంట్లో ఉన్నవాళ్ళు గేటుకి అటొకటి ఇటొకటి సిమెంటు సింహాలు పెట్టించుకున్నారు. ఇదంతా చూడలేక నేను నిఘంటువును ఆశ్రయించాను. గొప్పలు చూపించుకోవడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో వెతికితే పంతొమ్మిది దొరికాయి. వాటి మధ్య తేడాలు కూడా నేనే తేల్చాను. దర్జా అంటే ఉన్నది చూపించడం, డాబు అంటే లేనిది చూపించడం. ఆర్భాటానికి చప్పుడు కావాలి, పటాటోపానికి జనం కావాలి. టెక్కుకు ఇవేవీ అక్కర్లేదు, ఒక మెడ ఉంటే చాలు. ఈ మాటలన్నీ ఒక చీటీ మీద రాసి, ఒక్కో మాటకూ బంధువుల్లో ఒకరి పేరు తగిలించి నిఘంటువులో దాచుకున్నాను. ఆ నిఘంటువు బయటికి ఇచ్చేది కాదు. లైబ్రరీ సారు నా మీది నమ్మకంతో, సోమవారం పొద్దున్నే తెచ్చెయ్యాలని రెండుసార్లు చెప్పి ఇచ్చాడు.

ఆ ఆదివారమే మా మేనత్త కూతురి ఓణీల ఫంక్షను. మేనమామ హోదాలో మా నాన్న సారె పెట్టాలి. చీరలు, గాజులు, స్వీట్లు, పండ్లు పళ్ళేల్లో సర్ది, మెరుపు కాయితం చుట్టి, మేళంతో వీధంతా నడిపించి తీసుకుపోవాలి. అత్త వాళ్ళ అత్తగారు, అందరూ పెద్దామె అనే మనిషి, గుమ్మంలో నిలబడి వేళ్ళ మీద పళ్ళేలు లెక్కపెడుతుంది. అంతకు ముందు నెల అత్త తోటికోడలి కూతురి ఫంక్షనుకు ఆమె పుట్టింటివాళ్ళు పంతొమ్మిది తెచ్చారు. కాబట్టి మేము ఇరవై ఒకటి తీసుకుపోవాలని మా అమ్మ పట్టు. తక్కువైతే అత్త ఆ ఇంట్లో తలెత్తుకోలేదని ఆమె భయం. నేను వసారాలో కూర్చుని, పళ్ళేలు లెక్కపెట్టే సంస్కృతి మీద అరగంట ఉపన్యసించాను. పంతొమ్మిది మాటల్లో పద్నాలుగు వాడాను. మా అమ్మ వింటూనే కాజాలు సర్దింది.

బయల్దేరే ముందు తెలిసింది, నెల్లూరు నుంచి రావాల్సిన ఆపిల్ పండ్ల బుట్ట రాలేదని. మిగిలినవి ఇరవై. సరిసంఖ్య పనికిరాదు. ఒకటి తగ్గిస్తే తోటికోడలి వాళ్ళతో సమానమైపోతాం. మా అమ్మ మొహం చూస్తే ఉపన్యాసం ఇచ్చిన నాకే జాలేసింది.

"ఏదో ఒకటి పెట్టరా అబ్బయ్యా. కాయితం కింద ఏముండాదో ఎవరు చూడొచ్చినారు," అంది.

నా గదిలో ఉన్నవి లైబ్రరీ పుస్తకాలే. కింద నిఘంటువు, పైన ఐదు పుస్తకాలు, గోపురంలా పేర్చి, గులాబీ రంగు మెరుపు కాయితం చుట్టి, రిబ్బను కట్టి, ఆఖరి పళ్ళెం నేనే మోశాను. వీధి చివర కొట్టుకి చేరేసరికి చేతులు లాగేస్తున్నాయి. ఇంట్లో దించగానే ఎవరూ చూడకుండా వెనక వాకిట్లోకి చేర్చెయ్యాలని పథకం.

పెద్దామె ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టి, ఆఖరి పళ్ళెం చేత్తో ఎత్తి చూసింది. ఆ బరువుకి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "దీంట్లో ఏందో గట్టిదే ఉండాది," అని దాన్ని తెప్పించి పిల్ల కుర్చీ ముందు, సరిగ్గా మధ్యలో పెట్టించింది. వచ్చినవాళ్ళందరూ దాని వెనక నిలబడి ఫోటోలు దిగారు. నేను కూడా దిగాను. (ఆ ఫోటోలో నా మొహం ఇప్పటికీ ఎవరికీ చూపించను.)

భోజనాలకు ముందు సారె విప్పి ఆడవాళ్ళందరికీ చూపిస్తారని నాకు గుర్తేలేదు. అత్త మొదట విప్పింది ఆ పళ్ళేన్నే. కాయితం జారింది. పుస్తకాలు. పై అట్ట తీస్తే లోపల లైబ్రరీ ముద్ర, ఊదారంగులో, అరచేతంత. మా అమ్మ గోడకి ఆనుకుంది. అత్త నిఘంటువు కూడా తెరిచింది. చీటీ బయటపడింది. పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత చీటీ కొంగులో ముడేసుకుని, ముద్ర మీద అరచెయ్యి ఆనించి, పెద్దామె వైపు తిరిగింది.

"చదువుకోమని పెట్టినాడత్తా, మా అన్న కొడుకు. చీరలు అందరూ పెడతారు."

పెద్దామె అత్త తోటికోడలి వైపు చూస్తూ, ఈ కోడలి పుట్టింట్లో చదువుకున్నోళ్ళు ఉన్నారని అందరికీ వినబడేలా చెప్పింది. మా అమ్మ గోడ వదిలింది.

జనం భోజనాలకు లేచాక అత్త నన్ను వెనక వాకిట్లోకి పిలిచి, పుస్తకాలు గోనెసంచిలో పెట్టి ఇచ్చింది. కొంగుముడి విప్పి చీటీ చేతిలో పెట్టింది.

"నాకు పటాటోపం రాసినావు. బానే ఉండాది మాట. మీ మామకి దర్పం, అదీ సరిపోయింది," అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమైంది. "నీ పేరే యాడా కనపళ్ళా. తీరిగ్గా చూసి రాసుకో."

సోమవారం పొద్దున్నే నిఘంటువు ఇచ్చేశాను. లైబ్రరీ సారు పేజీలు తిప్పుతుంటే బల్ల మీద అక్షింతలు రాలాయి. ఆయన వాటిని వేలితో ఒక పక్కకి నెట్టి, "పెళ్ళి బాగా జరిగిందా దీనికి?" అని అడిగి, రిజిస్టరులో కొట్టేశాడు.

ఇప్పుడు నాకు సొంత నిఘంటువు ఉంది, హాల్లో అద్దాల బీరువాలో, వచ్చినవాళ్ళకి ముందు కనిపించేచోట. పోయిన నెల మా అమ్మాయి ఓణీల ఫంక్షను చేశాం. డ్రోను కూడా ఎగిరింది. మా బామ్మర్ది సారె తెచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి పళ్ళేలు లెక్కపెట్టింది ఎవరో కాదు, నేనే. ముప్ఫై దాటాక లెక్క తప్పి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. పక్కనే కుర్చీలో కూర్చున్న అత్త కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. కింద నా పేరు అప్పుడే రాశాను. పక్కన ఏ మాట రాయాలో మాత్రం ఇప్పటికీ తేలలేదు. సరిపోయే మాట దొరక్క కాదు. ఆ పంతొమ్మిదిలో దేన్ని కొట్టెయ్యాలో తెలియక.