మణికట్టు దగ్గర యుద్ధం

ఆంటీ తలుపు తీసినప్పుడు లోపల రేడియో వినిపించలేదు. పొద్దున నేను పిల్లల్ని దింపేటప్పుడూ, సాయంత్రం తీసుకెళ్లేటప్పుడూ ఆ ఫ్లాట్‌లో తమిళ రేడియో మోగుతూనే ఉండేది. పిల్లలకేమైనా అయిందేమోనని ముందు లోపలికి తొంగిచూశాను. ఇద్దరూ సోఫా మీద ఒకరికొకరు ఆనుకుని, ఎవరో కోప్పడినట్టు కూర్చున్నారు.

నా చేతిలో లడ్డూల పొట్లం ఉంది.

అది రెండువేల సంవత్సరం, ఈస్టర్ సెలవులు. దేశం విడిచి వచ్చి మేముంటున్న స్టాన్‌మోర్‌లో మా ఫ్లాట్ కిందే ఆంటీ ఫ్లాట్. శ్రీలంక తమిళురాలు, ఒంటరిగా ఉండేది. మేమిద్దరం ఆఫీసులకు వెళ్తే పిల్లల్ని ఆమే చూసుకునేది. నాది చిత్తూరు కాబట్టి తమిళం వచ్చు. అయినా ఆమె తమిళం సగమే అర్థమయ్యేది. నన్ను ‘పిళ్ళై’ అని పిలిచేది, బిడ్డా అన్నట్టు.

లడ్డూలు స్టేషన్ దగ్గరి తమిళుల సరుకుల కొట్లో ఇచ్చారు. వచ్చినవాళ్లందరికీ పంచుతున్నారు. “తీసుకోండక్కా, ఆనయిరవు మనదైపోయింది!” అన్నాడు కొట్టతను. ఆనయిరవు అనేచోట శ్రీలంక ప్రభుత్వ సైన్యాన్ని తమిళ దళాలు ఓడించాయి, నాకు అర్థమైందల్లా అంతే. ఆంటీ సంతోషిస్తుందనుకుని ఇంకో నాలుగు అడిగి మరీ కట్టించుకున్నాను.

“మీవాళ్లు గెలిచారంట కదా ఆంటీ!” అంటూ పొట్లం ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని విప్పకుండానే ఫ్రిజ్ మీద పెట్టింది. “గెలిచారు పిళ్ళై. మా అమ్మ ఆ దారిలోనే ఉంది.”

నాకు అర్థం కాలేదని ఆమెకు తెలిసింది. నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, తన కుడిచేతిని బల్ల మీద చాపింది.

“ఈ చెయ్యంతా దేశం. అరచెయ్యి మా యాళ్పాణం సీమ, వేళ్ల దగ్గర యాళ్పాణం పట్నం, మా ఊరు. మధ్యలో ఈ మణికట్టు ఆనయిరవు. రెండు పక్కలా నీళ్లే. దీన్ని పట్టుకున్నవాడు అరచేతిని పట్టుకున్నట్టే. అందుకే తొమ్మిదేళ్ల కిందట కూడా దీనికోసం వారాల తరబడి కొట్టుకున్నారు. అప్పుడు సైన్యం వదల్లేదు. తర్వాత సైన్యం వచ్చి యాళ్పాణం పట్నాన్ని పట్టుకుంది. ఊళ్లో జనమంతా ఒక్కసారిగా వానలో నడిచి బయటికొచ్చేశారు. అమ్మ కూడా నడిచింది. ఇదిగో, ఇక్కడ ఆగింది.” ఎడమచేతి వేలు అరచేతి మధ్యలో ఆనించింది. “చావకచ్చేరి. మా చిన్నమ్మ ఇల్లు.”

వేలు తియ్యకుండానే నన్ను అడిగింది: “ఇప్పుడు మణికట్టు ఈ తమిళ దళాల చేతికొచ్చింది. మరి యుద్ధం ఎటు పోతుంది చెప్పు?”

చెప్పాల్సిన పని లేదు. ఆమె వేలు అక్కడే ఉంది.

“అప్పట్లో గొడవ సద్దుమణిగాక అందరూ తిరిగి పట్నంలో ఇళ్లకు పోయారు,” అంది ఆంటీ. “ అమ్మ కూడా పోతానంది. వద్దు, చిన్నమ్మ ఇంట్లోనే ఉండు, అదే భద్రమని రాసింది నేనే. ఇక్కడ హీటర్ పక్కన కూర్చుని రాశాను.”

ఆమె ఏడవలేదు. మధ్యాహ్నమే ఏడ్చేసింది కాబోలు. “ఆంటీ వాజ్ క్రైయింగ్ ఇన్ ద బాత్‌రూమ్,” అని తర్వాత మెట్లెక్కుతుంటే మా పెద్దమ్మాయి నాతో గుసగుసలాడింది.

ఆ తర్వాత నాకు వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. రేపు పిల్లల్ని ఎవరు చూస్తారు? అదీ ఆలోచన. ఆఫీసులో నాకు రావాల్సిన సెలవులు అయిపోయాయి. పై అంతస్తుకు చేరేలోపల తెలిసినవాళ్లందరినీ మనసులో వరసగా తలుచుకున్నాను.

భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

“లడ్డూలు ఇచ్చినావా? నువ్వే?”

“నాకేం తెలుసు? అంగట్లో అందరూ నవ్వుతా ఉండారు.”

“పెద్ద తమిళం వచ్చని చెప్పుకుంటావు కదబ్బా. వాళ్లమ్మ ఏ ఊళ్లో ఉంటుందని ఒకసారైనా అడగలేదా?”

అడగలేదు. రెండేళ్లు ఆమె చేత్తో నా పిల్లలు అన్నం తిన్నారు. వాళ్లకు జలుబు చేస్తే నాకంటే ముందు ఆమెకే తెలిసేది.

చెయ్యి కడుక్కుని వచ్చి ఆయనే మెల్లగా అన్నాడు: “రేపటికి ఇంకెవరినన్నా అడుగుదామా? ఆమెను ఎందుకు ఇబ్బంది పెట్టేది?”

నేను కిందికి వెళ్లి ఆ మాటే అడిగాను. ఆంటీ తలుపు సగమే తీసింది. కొలంబోలో ఉన్న వాళ్ల తమ్ముడు, ఆ వైపు నుంచి వచ్చినవాళ్లెవరైనా దొరికితే కనుక్కుని ఫోన్ చేస్తానన్నాడట. ఎప్పుడు చేస్తాడో తెలియదు. “పిల్లల్ని ఆపొద్దు పిళ్ళై. ఒక్కదాన్నే ఆ ఫోన్‌ని చూస్తూ కూర్చోలేను,” అంది.

మర్నాడు పొద్దున పళ్లు తోమిస్తూ ఇద్దరినీ బాత్‌టబ్ అంచు మీద కూర్చోబెట్టాను.

“ఆంటీ వాళ్లమ్మ ఉండే ఊరి మీదికి యుద్ధం వస్తా ఉంది. ఆమె ఎట్లుందో ఎవరికీ తెలీదు,” అన్నాను.

“ఈజ్ షీ డెడ్?” అంది చిన్నది, నోట్లో బ్రష్‌తోనే.

“తెలీదమ్మా. ఆంటీకి కూడా తెలీదు. ఈ రోజు నేను ఆఫీసుకు పోవడం లేదు, ఒంట్లో బాగాలేదని చెప్పినా. అందరం ఆంటీ ఇంట్లోనే ఉంటాం. ఫోన్ మోగితే మీరెవరూ ఎత్తొద్దు. ఆమె ఏడిస్తే దూరంగా పోయి కూర్చోవద్దు. పక్కనే ఉండండి.”