సున్నపు గీత లోపల

ఏకాంబరం ఒక మనిషి చెయ్యి విరవడం నేను మొదటిసారి చూసింది సైకిలు నిలబెట్టే చోటు కోసం. అది 1977 ఎండాకాలం. తిరుపతి మార్కెట్ వీధిలో మేడమీద నా టైపు ఇన్‌స్టిట్యూట్. కింద, నా మెట్ల పక్కనే, ఏకాంబరం మునిసిపాలిటీ వేలంలో పాడుకున్న ఖాళీ జాగా. సైకిల్ స్టాండు పెట్టి పది రోజులు కూడా కాలేదు. వరసలో చివరి సైకిలు తన గుమ్మానికి అడ్డం వచ్చిందని బట్టల కొట్టు గుమాస్తా ఒకడు దాన్ని ఎత్తి మురికి కాలవలో పడేశాడు. ఏకాంబరం తిట్టలేదు, అరవలేదు. ఎత్తిన చేతినే పట్టుకుని వెనక్కి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు మేడమీద నాకు వినిపించింది. తర్వాత ఆ గుమాస్తానే రిక్షాలో కూర్చోబెట్టుకుని విరిగిన ఎముకలకు కట్టు కట్టే పుత్తూరుకు బస్సు ఎక్కించాడు.

"కట్టు కట్టించుకోని రాప్పా. వచ్చినాక ఆ సైకిలు నువ్వే కడగాల" అన్నాడు.

మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడగకండి. ఆరేళ్ళు అతని నెత్తిమీద కూర్చుని టైపు నేర్పాను, నాకే తేలలేదు.

చంద్రగిరి పక్క పల్లెవాడు. నాయన రాళ్ళు కొట్టేవాడట, కొడుకును కూడా అదే చేత్తో కొట్టేవాడట. పన్నెండేళ్ళకే ఇల్లు విడిచి లారీ ఎక్కి, ముప్పై దాటేదాకా మద్రాసు రోడ్డుమీదే బతికాడు. చదువు లేదు. ముఖాలు మాత్రం మరిచిపోడు. ఎవడు ఏ సైకిలు మీద వచ్చాడో, దాని బెల్లు మోగుతుందో లేదో కూడా చెప్పేవాడు.

తిరుపతి అంటే బయటివాళ్ళకు కొండ, గుండు, లడ్డు. మార్కెట్ వీధిలో బతికేవాళ్ళకు మాత్రం కాలేజీలు. సాయంత్రమయితే వందల సైకిళ్ళు ఆ సందులోకి దిగేవి. కొట్టువాళ్ళు టైర్లలో గాలి తీసేవాళ్ళు. పిల్లలు గుంపుగా వచ్చి కొట్ల అద్దాలు పగలగొట్టేవాళ్ళు. ఒక పాత్రల వ్యాపారి తలను సైకిలు తాళంతో బద్దలు కొట్టారు, ఆయనకు ఎడమ కంటి చూపు పోయింది. పోలీసులు వచ్చి దొరికినవాణ్ణి దొరికినట్టు బాది వెళ్ళేవాళ్ళు. ఈ గొడవంతా ఏకాంబరం సున్నం బక్కెట్టుతో సర్దాడు. జాగా చుట్టూ ఒక గీత గీశాడు. లోపల వరసలు. ప్రతి సైకిలుకూ రెండు రేకు బిళ్ళలు, ఒకటి హ్యాండిలుకు, ఒకటి మనిషి చేతికి. బిళ్ళ చూపనివాడు గీత దాటితే దెబ్బలే. ఆ దెబ్బలు తిన్నవాళ్ళలో ఒక లెక్చరరు కూడా ఉన్నాడు.

అయితే అతని చేతికీ లొంగని పీడ ఒకటుంది. కాలేజీకి రెండు హాస్టళ్ళు. పైది, కిందిది అనేవాళ్ళం. ఎప్పుడో ఎన్నికల్లో మొదలైన పగ, ఎందుకో కూడా మరిచిపోయి కొట్టుకునేవాళ్ళు. సైకిలు చైన్లు, పంపులు, ఒక్కోసారి కొడవళ్ళు. 1979లో కిందిహాస్టలు వాళ్ళు తరుముతుంటే పైహాస్టలు వాడొకడు వచ్చి స్టాండులో దూరాడు. బిళ్ళ లేదు. ఏకాంబరం జాలిపడి సైకిళ్ళ మధ్య దాచాడు. అవతలివాళ్ళు లోపలికి చొరబడి అరవై సైకిళ్ళను తొక్కి వంకర చేశారు, అడ్డం వచ్చిన ఏకాంబరం ఎడమ చెయ్యి ఇనుప కడ్డీతో విరిచారు. ఈసారి పుత్తూరు బస్సు అతనే ఎక్కాడు.

కట్టు కట్టించుకుని మర్నాడే వచ్చేశాడు. ఆకు పసరు, కోడిగుడ్డు వాసన కొడుతూ నా మెట్లెక్కి, "అయ్యోరా, నువ్వు సాక్షిగా రావాల" అన్నాడు.

"యాడికి?" అని నేనూ అతని మాటలోనే అడిగాను.

"కాణిపాకం."

మా జిల్లాలో కాణిపాకం వినాయకుడి ముందు చేసిన ప్రమాణం కోర్టు కాగితం కంటే గట్టిది. అక్కడ అబద్ధమాడినవాడు, మాట తప్పినవాడు బాగుపడడని దొంగలు కూడా నమ్ముతారు. ఏకాంబరం రెండు హాస్టళ్ళ పెద్దలనూ, అంటే ఇరవై రెండేళ్ళ ఇద్దరు మీసాలవాళ్ళను, ఒకే బస్సులో కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు. తలస్నానం చేయించి తడిబట్టలతో నిలబెట్టాడు. బిళ్ళ చేతిలో ఉన్నవాడు గీత లోపల ఉండగా వాడిమీద చెయ్యెత్తబోమని వాళ్ళిద్దరూ చెప్పారు. నువ్వేం చెబుతావని వాళ్ళు ఏకాంబరాన్ని అడిగారు.

"బిళ్ళ లేనోడిని గీత లోపలికి రానీను. నా కొడుకైనా రానీను. ఈపక్కా ఆపక్కా సూడను" అని వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఒట్టేశాడు.

నాలుగేళ్ళు ఆ మాట నిలిచింది. గీత లోపల ఒక్క దెబ్బ పడలేదు. గీత బయట మాత్రం పళ్ళు రాలేవి. నెత్తురు కారుతున్నవాడు బిళ్ళ పైకెత్తి చూపిస్తూ లోపలికి దూకితే, తరుముకొచ్చినవాళ్ళు అక్కడే ఆగి బండబూతులు తిట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఏకాంబరం స్టూలుమీద కూర్చుని బీడీ తాగుతూ చూసేవాడు. బయట ఎవడు చచ్చినా తనకు పట్టనట్టే ఉండేవాడు. నేను కిటికీ మూసేసేవాణ్ణి. అయినా వీధి బాగుపడిందని నేనూ అందరితోపాటు మెచ్చుకున్నాను.

ప్రేమానందం నా దగ్గర టైపు నేర్చుకునేవాడు. పుత్తూరు పక్క పల్లె, బీఎస్సీ రెండో సంవత్సరం, పైహాస్టలు. గొడవల్లో వేలు పెట్టే రకం కాదు. వేళ్ళు సన్నగా ఉండేవి, 'ఎ' అక్షరం మీద చిటికెన వేలు సరిగా పడేది కాదు, నేను స్కేలుతో కొట్టేవాణ్ణి. 1983 ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం మూడింటి క్లాసుకు నడిచి వచ్చాడు. సైకిలు పంక్చరని చెప్పాడు. క్లాసు ముగించుకుని దిగి వెళ్ళాడు. ఐదు నిమిషాలు కాలేదు, వీధి చివర కేకలు వినిపించాయి.

కిటికీలోంచి చూశాను. ప్రేమానందం పరిగెత్తి వస్తున్నాడు, చెప్పులు లేవు. వెనక నలుగురు కిందిహాస్టలు వాళ్ళు, ఇద్దరి చేతుల్లో చైన్లు, ఇద్దరి చేతుల్లో కొడవళ్ళు. ఆ ఉదయం తమవాణ్ణి ఎవరో కొట్టారని పైహాస్టలు వాళ్ళకోసం వెతుకుతూ వచ్చారట. వీడు దొరికాడు.

నేను మెట్లు దిగాను. వాణ్ణి లోపలికి తీసుకోవడానికి దిగానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. దిగి వీధి తలుపు గడియ వేశాను. వేసిన మరుక్షణం తలుపుమీద రెండు చేతులు దబదబ పడ్డాయి.

"సార్, నేను సార్. ప్రేమానందాన్ని సార్."

నేను గడియను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. అడుగుల చప్పుడు స్టాండు వైపు వెళ్ళింది. తలుపు సందులోంచి చూస్తే ఏకాంబరం గీతమీద నిలబడి ఉన్నాడు. ప్రేమానందం చేతులు జోడించి ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. ఏకాంబరం చెయ్యి చాచాడు. వాడు ఖాళీ అరచేతులు చూపించాడు. ఏకాంబరం వాడి రొమ్ముమీద చెయ్యి వేసి వెనక్కి నెట్టాడు. గట్టిగా కూడా కాదు. బస్సులో జనాన్ని జరిపినట్టు జరిపాడు.

మొదటి వేటు భుజంమీద పడింది. రెండోది మెడమీద. వాడు గీతకు అడుగు దూరంలో పడ్డాడు, పడ్డాక కూడా చైన్లతో కొట్టారు. అప్పుడు ఏకాంబరానికి ఏమైందో, పెద్దగా అరిచి గీత దాటి బయటికి దూకాడు. గాలిపంపుతో ఒకడి దవడ పగలగొట్టాడు. ఇంకొకణ్ణి జుట్టు పట్టి గోడకేసి మోదాడు. వాడు స్పృహ తప్పినా మోదుతూనే ఉన్నాడు. మూడోవాడి కొడవలి అతని భుజాన్ని చీల్చింది, అదీ పట్టించుకోలేదు. మిగిలిన ఇద్దరూ పారిపోయారు. ప్రేమానందం రిక్షాలో, ఆసుపత్రి చేరకముందే పోయాడు.

ఊరు ఏకాంబరాన్ని తప్పు పట్టలేదు. ప్రమాణం ప్రమాణమే అన్నారు. పోలీసులు కూడా సాక్షిగానే రాసుకున్నారు. గడియ సంగతి ఎవరూ నన్ను అడగలేదు. ఏకాంబరానికి తెలుసు. ప్రేమానందం నా తలుపు బాదుతున్నప్పుడు అతను చూస్తూనే ఉన్నాడు.

పదకొండో రోజు దాటాక వాడి తల్లి మునిరత్నమ్మ ఒంటరిగా వచ్చింది. కొట్లవాళ్ళను "మావోడు పడిపోయింది యాడప్పా?" అని అడుగుతూ వచ్చింది. అందరూ దూరం నుంచి చేయి చూపించారు. నేను తలుపు తెరిచి కింది మెట్టుమీద నిలబడ్డాను. ఏకాంబరం స్టూలుమీంచి లేచాడు. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది, ఎవరూ ఆమెకు చెప్పేవాళ్ళు కాదు.

"ఈడే పడినాడమ్మా. లోపలికి రానీమని వచ్చినాడు. నేనే నెట్టినాను" అన్నాడు.

ఆమె కొట్టింది. ముందు చేతులతో, తర్వాత చెప్పు తీసి. ముఖంమీద, మెడమీద, కట్టు ఉన్న భుజంమీద. కుట్లు తెగి చొక్కా నెత్తురుతో తడిసింది. జీవితంలో ఒక్క దెబ్బకు బదులివ్వకుండా ఉండని మనిషి చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ఎవరో ఆపబోతే తల అడ్డంగా ఊపాడు. చివరికి ఆమె చేతులు ఆడక గీతమీదే కూలబడింది. చాలాసేపు వగర్చింది.

"పోయే ముందర కడాకు నీతో ఏమన్నాడప్పా వాడు?"

"ఒక్క నిమిషం లోపల నిలబడనీన్నా, వాళ్ళు పోతానే పోతాను అన్నాడమ్మా."

"నువ్వేమన్నావు?"

"కాణిపాకంలో ప్రమాణం ఉండాది, బిళ్ళ లేకుండా రానీను అన్నాను."

"ఒక్క నిమిషమే కదప్పా అడిగినాడు. దేవుడు ఆ మాత్రం ఓర్సుకోడా?"

ఆమె తల తిప్పి వీధినంతా చూసింది. కొట్లు, మేడలు, నా మెట్లు, నా తలుపు.

"ఇంత వీధి ఉండాదే. యాడా ఒక తలుపన్నా తట్టలేదా వాడు? ఎవురూ తియ్యలేదా?"

ఏకాంబరం నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను.

"లేదమ్మా. యాడా తట్టలేదు. నేరుగా నా దగ్గిరికే వచ్చినాడు" అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పు చేతికి తీసుకుంది. నేను మెట్టు దిగలేదు.