జడ కోలాటంలో తప్పిన ఊపిరి

భద్రాచలంలో నవమి ఉత్సవాల జనం ముందు మా కోలాటం జడ ముడిపడిందంటే, ఊపిరి తప్పింది నాకు. ఆ ఒక్క మాట అక్కడే చెప్పాల్సింది, చెప్పలేదు. దానివల్ల ఇంకో మనిషి ఎన్నో ఏళ్లు తన ఛాతీని తానే నమ్మకుండా బతికాడు.

ఎనభైల మొదట్లో నేను ఇల్లందులో బొగ్గుబాయిలో కొత్తగా చేరిన ఫిల్లర్‌ని, తవ్విన బొగ్గు టబ్బుల్లోకి ఎత్తేవాణ్ణి. ఆ మనిషి అక్కడే టింబర్‌మ్యాన్. బాయి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. ఫస్టు షిఫ్టు దిగి, ఒళ్లు కడుక్కుని, సాయంత్రం కాలనీ గ్రౌండులో కోలాటానికి చేరేవాళ్లం.

జడ కోలాటంలో పైన ఒక కొక్కేనికి రంగు తాళ్లు కట్టి కిందికి వదులుతారు. ఎడమ చేత తాడు, కుడి చేత కోల. సగం మంది అటు, సగం మంది ఇటు తిరుగుతూ, ఎదురైనవాడితో కోల కలిపి, ఒకసారి లోపలి నుంచి, ఒకసారి బయటి నుంచి దాటాలి. అలా పైన జడ అల్లుకుంటుంది. తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తూ దాన్ని విప్పాలి. అల్లేటప్పుడు ఒక్కరు తప్పు వైపు దాటినా, విప్పేటప్పుడు అక్కడికి వచ్చి జడ బిగుసుకుపోతుంది.

అడుగులు గురువుగారు నేర్పారు. ఊపిరి నేర్పింది మామ.

"పెండ్లిచూపులకు పోయినోని లెక్క బిగుసుకపోయినవేందిరా? కోల కొట్టంగ ఊపిరి బిగబట్టకు. బిగబడితే బలం భుజం కాడనే ఆగిపోతది. కాలు నేలను తన్నంగ పుట్టిన బలం నడుం దాక రావాలె. ఊపిరి ఇడిస్తెనే అది చేతికి పోతది."

"తిరిగేసరికి తల తిరుగుతాంది మామా."

"కండ్లతోని చూసుకుంట ఆడుతున్నవ్, గందుకే. ఎదురొచ్చేటోని ఊపిరి ఇను. ఆడు ఇడిసినప్పుడు నువ్వూ ఇడువు. రెండు కలిస్తే కాలు దాని దారి అదే చూసుకుంటది."

కొన్నాళ్లకు అది నిజంగానే నా ఒంట్లోకి వచ్చింది. మడమ నేలకు తగిలిన వేడి వెన్ను గుండా పాకి మణికట్టులో తేలేది. ఎదురుగా మామ ఊపిరి "హా" అని వినిపించేది. నేను ఆలోచించకుండానే దాటేసేవాణ్ణి.

మామకు దగ్గు ఉండేది. బొగ్గు పొడిలో పనిచేసే వాళ్లలో చాలామందికి ఉండేదే. గురువుగారు సత్తుపల్లి వైపు రైతు, వారం వారం బస్సులో వచ్చేవారు. భద్రాచలం నవమికి ఆడమని మాకు పిలుపొచ్చాక, ఒకరోజు అందరి ముందూ అనేశారు: "ఏమయ్యా పెద్దాయనా, భద్రాచలంలో దగ్గావంటే మన పరువు పోద్ది. నీ బదులు ఇంకొకణ్ణి చూసుకోమంటావా?"

"ఆడంగ దగ్గనండి. ఆడినంత సేపు నా ఊపిరి నా చేతుల ఉంటది," అన్నాడు మామ.

అది నిజం. ఆటలో ఆయన దగ్గడం నేనెప్పుడూ వినలేదు. అప్పటికే బీడీలు మానేశాడు. అత్త నవ్వేది: "నేను చెప్తే ఇరవై ఏండ్లు ఇనలే, కోల చెప్తే ఇన్నడు."

బయలుదేరే ముందు గురువుగారు ఇంకో మాట కూడా అన్నారు. అక్కడ తప్పు చేసినవాడికి ఇక జట్టులో చోటు ఉండదని.

భద్రాచలంలో మిట్టమధ్యాహ్నపు ఎండ. అల్లిక సగం దాకా చక్కగా సాగింది. తర్వాత డప్పు వేగం పెరిగింది, జనం ముందుకు తోసుకొచ్చారు, మైకులో ఎవరో మా ఇల్లందు పేరు అరిచారు. మామ ఎదురుగా వస్తున్నాడు. ఆయన ఊపిరి వదలడం స్పష్టంగా విన్నాను. నాది గొంతులోనే ఆగింది. భుజాలు రాయిలా అయ్యాయి. లోపలి నుంచి దాటాల్సినవాణ్ణి బయటికి పోయాను. నా కోల అందక మామ ముందుకు తూలాడు. తూలిన తర్వాత దగ్గాడు. జనానికి వినిపించింది ఆ దగ్గే.

ఆట ఆపలేదు. కానీ అప్పటి నుంచి నాకు తెలుసు, విప్పేటప్పుడు ఏమవుతుందో. విప్పడం మొదలయ్యాక ప్రతి చుట్టూ ఆ చోటుకే దగ్గరవుతోంది. చివరికి జడ ఆగింది. మామ పసుపు తాడు, నా ఎర్ర తాడు మెలిపడి బిగుసుకున్నాయి. ఎంత లాగినా రాలేదు. జనంలో ఈలలు.

పక్కకు తీసుకెళ్లి గురువుగారు అడిగారు: "తప్పు ఎవరిది?"

"ఎవలిదేంది, దగ్గింది ఇనలేదా?" అన్నారు ఎవరో.

మామ తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నాదేనేమో. దగ్గొచ్చింది. కాలు ఏడ వడ్డదో తెల్వలే."

అందరూ కోలలు సర్దుకోసాగారు. నేను మాట్లాడటానికి ఆ కాసేపు సరిపోయేది. నా కాలి వేళ్లు చూసుకుంటూ నిలబడ్డాను.

తిరుగు ప్రయాణంలో అడవి పొడుగునా ఆయన నా ముందు ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఒక్కసారే వెనక్కి తిరిగాడు. "నువ్వు మంచిగ ఆడినవ్ అల్లుడా," అన్నాడు.

తర్వాత ఆయన కోల పట్టలేదు. ఇక లోపల పని తన వల్ల కాదని అడిగి మరీ పైన, బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములోకి మారాడు. జట్టులో ముందు వరస ఆయన చోటు నాకు ఇచ్చారు. నేను తీసుకున్నాను.

తొంభైలలో, నేను మణుగూరుకు బదిలీ అయ్యాక, ఒక ఆదివారం ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. అప్పుడే కాలనీ ఆడపిల్లలు కొందరు వాకిట్లోకి వచ్చి, జడ కోలాటం నేర్పమని బతిమాలారు.

"ఊపిరి లేనోడు ఏం నేర్పుతడు బిడ్డా? పోండ్రి," అన్నాడు.

పిల్లలు వెళ్లిపోయారు. బియ్యం చెరుగుతున్న అత్త నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు అల్లుడా. రెండు మెట్లెక్కితే గుండె పట్టుకుంటడు. దవాఖాన్ల ఏం లేదన్నరు, ఇనడు. ఆ దినం ఊపిరి తప్పిందంటే తప్పిందే అంటడు."

నేను మామ వైపు తిరిగాను. "మామా, ఆ దినం దగ్గు ఎనకొచ్చింది. ముందుగాల తప్పింది నేను."

ఆయనకు అర్థం కాలేదు. లేచి వాకిట్లో నిలబడి ఆ అడుగు వేసి చూపించాను. "గిట్ల లోపల్నుంచి దాటాలె. గిట్ల బయటికి పోయిన. నా కోల అందకనే నువ్వు తూలినవ్. తూలినంకనే దగ్గినవ్."

అత్త చేతిలో చాట ఆగింది. "ఆడ నిలవడ్డప్పుడు నీ నోరేమైంది?"

మామ కుడికాలు నేల మీద మెల్లగా కదిలింది. ఒకసారి, ఆగి, మళ్లీ. ఆనాటి అడుగు వెతుక్కుంటున్నాడు.

"అంటే నేను మంచిగనే దాటిన్నా?"

"మంచిగనే దాటినవ్."

"గాలి పీల్చాలన్నా భయమేసేది గదరా, గిన్నేండ్లు," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

నేను ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. "నీ ఊపిరి ఇని ఆట నేర్చుకున్నోణ్ణి. అదే ఊపిరి మీద నింద వడుతుంటే, జట్టుల కెల్లి తీసేస్తరని భయపడి ఊకున్న. నీ జాగల నిలవడి ఆడిన. తప్పైంది మామా. ఎవ్వరి ముందర చెప్పమంటే వాళ్ల ముందర చెప్త. నన్ను మన్నించు."